ఫిర్యాదులో లేని జెండా

బుధవారం పొద్దున మా ఇంట్లో చింతపండు దగ్గర గొడవ అయింది.

మా అత్తమ్మ పుల్లమ్మ వరండాలో కాళ్లు చాపుకుని కొత్త చింతపండుకు గింజలు తీస్తోంది. కింద పరుచుకోవడానికి చేతికందిన కాగితాలు తీసుకుంది. అవి మా అమ్మాయి కోమల జిరాక్సు తీయించుకున్న లాక్రాస్ రూల్ బుక్కు కాగితాలు. ఒకవైపే అచ్చు ఉండటంతో, తెల్లవైపు పైకి పెట్టి, ఎవరో పారేసినవనుకుంది. కోమల స్నానం చేసి వచ్చేసరికి నాలుగు కాగితాలు జిగురుకు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇంట్ల వేరే పేపర్లే లేవా అవ్వా? నెల రోజుల పేపర్లు మంచం కింద పడున్నయి గదా."

"మంచం కిందికి వంగుడు నాతోని అయితదా? ఈడ కండ్ల ముంగట ఉన్నయి, తీసిన. ఏం రాసి లేదు."

"తిప్పి సూడొద్దా?"

"తిప్పితె మాత్రం నాకేం సదువొస్తది?"

మా ఆయన దశరథ్ గడ్డం మీద సబ్బు నురగతోనే బయటికి వచ్చి తల్లి వైపు మాట్లాడారు. ముసలామెతో అట్లనేనా మాట్లాడేది అన్నారు. కోమల టిఫిను తినకుండా గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అత్తమ్మ అలిగి, సగం చింతపండు అట్లనే వదిలేసి, జిగురు చేతులతో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను తడిగుడ్డతో ఆ నాలుగు కాగితాలు తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టాను.

ఇంకోసారైతే ఇది గొడవే కాదు. సోమవారం నుంచి మా ఇంట్లో ఎవరికీ మనసు నిమ్మళంగా లేదు. ఏదో ఒకదాని మీద విసుక్కోవడానికి అందరూ కాచుకుని ఉన్నారు.

సంగతి ఏమిటంటే, కోమల ఇంటర్ నుంచి కబడ్డీ ఆడేది. డిగ్రీ మొదటి ఏడు చిట్యాలలో ఆడుతుండగా మోకాలు తిరిగింది. ఇక ఆడొద్దని డాక్టరు చెప్పాడు. ఆటకు దూరమై ఇంట్లో కూర్చున్న పిల్లను చూడలేక, వాళ్ల కాలేజీ పీఈటీ మేడం హైదరాబాదులో లాక్రాస్ అంపైర్ల క్యాంపుకు పంపింది. రెండు రోజుల క్యాంపు. వల బిగించిన కర్రతో బంతిని పట్టుకుని, పరుగెత్తి, గోలులోకి విసిరే ఆట అది. కోమల మొదటిసారి ఆ కర్ర ఇంటికి తెచ్చినప్పుడు అత్తమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, దీంతోని చేపలు పడ్తరా, జామకాయలు తెంపుతరా అని అడిగింది. మన జిల్లాల్లో ఆ ఆట ఆడే పిల్లలందరూ నిన్నమొన్నటి దాకా కబడ్డీ, ఖోఖో ఆడినవాళ్లే. కర్ర పట్టి ఏడాది కూడా కాలేదు.

పోయిన ఆదివారం మహబూబ్‌నగర్‌లో సెమీ ఫైనల్. కొల్లాపూర్ జట్టుకు, అచ్చంపేట జట్టుకు. గెలిచిన జట్టు ఫైనల్‌కు పోతుంది. ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచే రాష్ట్ర జట్టుకు పిల్లల్ని తీసుకుంటారు. కోమల అంపైర్. ఒక్కదాన్నే అంత దూరం పంపడం ఎందుకని నేనూ బస్సెక్కాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోయేసరికి నా నడుము పట్టేసింది.

ఆట చివర్లో కొల్లాపూర్ వాళ్లు ఒక గోలు ఎక్కువలో ఉన్నారు. వాళ్ల పిల్ల గోలుకు బంతి విసిరింది. అది గురి తప్పి వెనక గీత దాటి బయటికి పోయింది. కోమల ఈల ఊది, బంతిని మళ్లీ కొల్లాపూర్ వాళ్లకే ఇచ్చింది. ఇక చూడండి. బయటికి కొట్టినవాళ్లకే బంతి ఎట్లా ఇస్తారని అచ్చంపేట వైపు నుంచి ఒకటే అరుపులు. నా పక్కనున్న ఒకామె, ఈ పోరికి కండ్లు కనపడతలేవు అంది. ఆ పోరి నా బిడ్డ అని నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ అది తప్పుగానే తోచింది. కొల్లాపూర్ వాళ్లు ఆ బంతిని తిప్పుకుంటూ ఉండగానే టైం అయిపోయింది. ఏడు–ఆరు.

సోమవారం సాయంత్రం ఆటల సంఘం నుంచి కోమల ఫోనుకు నోటీసు వచ్చింది. అచ్చంపేట కోచ్ ఫిర్యాదు చేశాడు. ఆ బంతి ఎందుకు అట్లా ఇచ్చావో శనివారం సాయంత్రం ఐదింటిలోపు రాసి పంపాలి. మే నెలలో జాతీయ పోటీలకు మన రాష్ట్రం నుంచి ఒక్క అమ్మాయిని అంపైరుగా పంపుతారు. ఆ పేరు కోమలదే అని అంతకుముందే మాట వచ్చింది. ఇప్పుడు అది ఈ జవాబు మీద ఉంది. ఆడలేకపోయినా ఇట్లయినా గ్రౌండులో ఉండొచ్చు అన్న ఆశతో పిల్ల మళ్లీ నవ్వడం మొదలుపెట్టి ఆరునెలలే అయింది.

బుధవారం మధ్యాహ్నం ఆ కాగితాలు ఆరాక, వరుసలో పెడుతూ చదవడం మొదలుపెట్టాను. డిగ్రీ చదివిన మనిషిని, ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. కానీ ఆ ఇంగ్లీషు వేరు. ఒక వాక్యంలో అవునంటుంది, తర్వాతి వాక్యంలో అయితే ఫలానా అప్పుడు కాదంటుంది, ఆ ఫలానా ఏమిటో ఇరవై పేజీల అవతల ఉంటుంది. నోటుబుక్కు తీసి ఒక్కో రూలూ తెలుగులో రాసుకున్నాను. రాస్తే గానీ నాకు ఏదీ తలకెక్కదు.

కోమల ఆ బంతి ఇచ్చిన రూలు దొరికింది. మామూలుగా బంతి బయటికి పోతే, చివర తాకినవాళ్ల ఎదుటి జట్టుకు ఇవ్వాలి. కానీ గోలుకు విసిరిన బంతి బయటికి పోతే మాత్రం ఎవరు విసిరారన్నది లెక్క కాదు. అది గీత దాటినప్పుడు దానికి అందరికంటే దగ్గర ఎవరున్నారో వాళ్లది.

అత్తమ్మ అప్పటికి అలక మాని మళ్లీ చింతపండు ముందేసుకుంది. ఆమె తీసిన గింజలు పది తీసుకుని, డబ్బాలోంచి శనగలు పది తెచ్చి, నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసి, కోమలను పిలిచాను. గింజలు కొల్లాపూర్, శనగలు అచ్చంపేట. గోలు వెనక ఆ సమయానికి ఎవరున్నారని అడిగితే కోమల ఒక చింతగింజను తీసి గీత దగ్గర పెట్టింది. శనగలన్నీ గోలు ముందరే ఉన్నాయి.

అత్తమ్మ మెడ చాపి చూసింది. "ఎనుక ఒక మనిషిని నిలబెట్టుకునుడు తెలివే గదా. మరి గా శనిగెలోళ్లు ఎందుకు నిలబెట్టుకోలె?"

"అందుకే అవ్వా వాళ్లకు బంతి రాలె."

"ఇంతేనా? దీనికా గింత పంచాయితి?"

కోమల మూడు రోజుల తర్వాత నవ్వింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మా ఆయనకు కూడా ఆ గింజలతోనే చెప్పింది. ఆయనకు కరెంటు ఆఫీసులో ఇరవై రెండేళ్ల నౌకరీ. మెమోలకు జవాబులు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇక ఫికర్ లేదని, రూలు నంబరు వేసి కొడితే ఫిర్యాదు ఎగిరిపోతుందని, జవాబు తానే రాసిపెడతానని అన్నారు.

అక్కడితో పుస్తకం మూసేసి ఉంటే బాగుండేది. కానీ సగం చదివి వదిలేయడం నాకు చేతకాదు. గురువారం పొద్దున వంట అయ్యాక మళ్లీ తీశాను. అప్పుడు జెండా రూలు వచ్చింది.

గోలు వైపు పోతున్న పిల్లను ఎదుటి జట్టు పిల్ల తప్పుగా అడ్డుకుంటే అంపైరు వెంటనే ఈల ఊదకూడదు. ఊదితే ఆట ఆగి, గోలు కొట్టబోయే పిల్లకే నష్టం. అందుకని పసుపు జెండా పైకెత్తి పట్టుకోవాలి. తప్పు చూశాను, నువ్వు ఆడు అని దాని అర్థం. గోలు పడితే సరే. పడకుండా బంతి ఆమె చేజారితే, ఎట్లా జారినా సరే, అప్పుడు ఈల ఊది ఆమె జట్టుకు గోలు కొట్టే అవకాశం ఇవ్వాలి.

మూడుసార్లు చదివాను. పసుపు జెండా పట్టుకున్న కోమల చెయ్యి నా కళ్లలో ఉంది. ఆ రోజు ఆ చెయ్యి లేవడం చూశాను. ఈల వినలేదు.

ఫోను తీసుకుని మిద్దె మీదికి పోయాను. ఆరేసిన చీరల మధ్య నిలబడి, ఆ రోజు నేను తీసిన వీడియో చూశాను. అక్కడున్న వాళ్లందరి ఫోన్లూ బంతి వెంట తిరిగాయి. నాది మాత్రం నా బిడ్డ వెంటే తిరిగింది. పదకొండు నిమిషాల వీడియోలో బంతి కనిపించేది చాలా తక్కువ. ఆరో నిమిషంలో అచ్చంపేట పిల్ల ఒకతి దూసుకొస్తుంది. కొల్లాపూర్ పిల్ల కర్ర అడ్డంపెట్టి భుజం మీద నెడుతుంది. కోమల జెండా ఎత్తుతుంది. ఆ పిల్ల జెండా చూసి ఆగిపోతుంది. కర్రను, బంతిని నేల మీద పెట్టి, తన చెయ్యి పైకెత్తి, నడుచుకుంటూ గీత బయటికి పోతుంది.

కబడ్డీలో ఔటైన పిల్ల పోయినట్టు. అంపైరు చెయ్యి లేచింది కాబట్టి తాను ఔటనుకుంది.

ఆమె అట్లా నడిచిపోయే ముక్క అప్పటికే అందరి ఫోన్లలో తిరిగింది. వేరేవాళ్లు తీసినది కోమల ఉన్న లాక్రాస్ వాట్సాప్ గ్రూపులో నేనూ చూశాను. అందులో ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది, అంపైరు కనపడదు. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పిల్ల పేరు ఈదమ్మ అని, అచ్చంపేట అవతల పెంట అని పిలిచే అడవి గూడెం నుంచి హాస్టలుకు వచ్చి చదువుకుంటుందని, చేతిలో గోలును పారేసుకుందని దాన్ని సొంత జట్టువాళ్లే తిడుతున్నారని కోమలే ఆ రోజు చెప్పింది.

నా వీడియోలో ఆ తర్వాతిది కూడా ఉంది. కోమల జెండా అట్లాగే పట్టుకుని అటూ ఇటూ చూస్తుంది. ఈల నోటి దాకా పోతుంది. కొల్లాపూర్ పిల్ల నేల మీది బంతిని తీసుకుని పరుగెడుతుంది. జనం నవ్వుతుంటారు. కోమల జెండా దించి జేబులో పెట్టుకుంటుంది.

ఫిర్యాదు చేసినవాళ్లకు నిజంగానే అన్యాయం జరిగింది. కాకపోతే వాళ్లు ఫిర్యాదు చేసిన చోట కాదు.

ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. పనిలో పనిగా ఆ రూలు ఇంకోసారి చదివాను, నేను తప్పు చదివానేమో, తనంతట తాను బంతి వదిలేస్తే లెక్క వేరేమో అన్న ఆశతో. లెక్క వేరే ఏమీ లేదు. ఆ వీడియో నా ఒక్కదాని ఫోనులోనే ఉంది. వేలితో ఒత్తితే పోతుంది. ఒత్తలేదు, అట్లని ఎవరికీ చెప్పనూ లేదు. రాత్రి మా ఆయన, ఏంది వాణీ, అంతా మంచిగనే అయితాందిగా, ఇంకేం ఆలోచిస్తున్నవ్ అని అడిగారు. నడుము నొప్పి అన్నాను.

చెప్తే పిల్ల జాతీయ పోటీలు పోతాయి. ఆ ఒక్క మాటే అటు తిప్పి ఇటు తిప్పి అనుకున్నాను. చెప్పకపోతే ఏం పోతుందో అనుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీస్తుండగా కోమల పక్కన కూర్చుని, ఆరో నిమిషం పెట్టి ఫోను చేతికిచ్చాను. ఒకసారి చూసింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మూడోసారి చూడకుండానే ఫోను బోర్లా పెట్టింది.

"ఊదుదామనే అనుకున్నమ్మా," అంది. "ఈల నోట్లె పెట్టుకున్న. ఆమెనే కింద పెట్టి పాయె గదా, గట్ల పోతే ఏం చెయ్యాల్నో క్యాంపుల చెప్పలే. అందరు నవ్వుతుండిరి. దించేసిన."

"తర్వాత పుస్తకంల చూసుకోలేదా?"

గోరుతో మోకాలి కట్టు దారాలు గీకింది. ఆ పేజీ తప్ప తక్కినవన్నీ చూశానని చివరికి చెప్పింది. నేను చెప్పకుండా తప్పించుకున్నట్టే అది ఆ పేజీని తప్పించుకుంది. నాకంటే మూడు రోజుల ముందు నుంచీ దీనికి నిద్ర లేదు. నేను ఫిర్యాదు గురించనుకున్నాను.

తన ఫోను తీసి ఒక మెసేజ్ చూపించింది. సోమవారం పొద్దున, నోటీసు కంటే ముందే వచ్చింది. ఈదమ్మ గ్రూపులో నంబరు చూసి పంపిందట. "అక్కా, మీరు జెండ లేపితె నేను ఔటా కాదా?" అని ఒక్కటే వాక్యం. కింద జవాబు లేదు.

"ఆమె జాగల నేనున్నా గట్లనే పోతుంటినమ్మా," అంది కోమల. "కబడ్డీ ఆడినోళ్లెవరైనా పోతరు. ఆమెకెట్ల తెలుస్తది? నాకు తెలుసు. తెలిసినోళ్లే ఊదాలె గదా."

ఏం చేయమంటావని నన్ను అడిగింది. ఇది రాయి అంటే దాని ఆశను నా చేతులతో తీసేసినట్టు. వద్దంటే రేపటి నుంచి నా ముఖం చూడగలుగుతుందా? నువ్వే చూసుకో, వీడియో మాత్రం నేను తీసేయను అన్నాను. ఇంతకంటే గట్టిగా ఏదైనా చెప్పవలసిన తల్లినే. ఆ రోజు అంతే వచ్చింది.

శనివారం రెండో శనివారం కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. పొద్దుటి నుంచి జవాబు దిద్దుతూ కూర్చున్నారు. మధ్యాహ్నం నలుగురం కింద కూర్చుని అన్నాలు తింటుంటే, కంచం పక్కన కాగితం పెట్టుకుని చదివి వినిపించారు. పై విషయములో తమరికి విన్నవించునది ఏమనగా అని మొదలైంది. రూలు నంబరు, బంతి ఎటు పోయింది, దగ్గర ఎవరున్నారు, అన్నీ ఉన్నాయి. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. చివర, కావున సదరు ఫిర్యాదు నిరాధారమైనదని మనవి.

"మంచిగుంది నాయినా," అంది కోమల. "గది మొదటి పేరా. రెండో పేరా నేను రాసిన."

ఆయన పచ్చిపులుసు గిన్నె చేతిలో పట్టుకుని ఆగారు. "రెండోది దేనికి?"

కోమల చెప్పింది. జెండా, ఈల, నేల మీద బంతి, అన్నీ. మధ్యలో ఒకసారి ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ చెప్పింది. ఆయన నా వైపు చూశారు. అవునన్నట్టు తలూపాను. అత్తమ్మ నమలడం ఆపి, అందరి ముఖాలూ వంతులవారీగా చూస్తోంది.

"బిడ్డా, నేను ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న," అన్నారు ఆయన, నెమ్మదిగానే. "మెమోల ఏది అడిగితె దానికే జవాబియ్యాలె. అడగనిదానికి జవాబు రాసినోడు బాగుపడంగ నేను చూడలే."

"అడిగింది నాయినా. ఈదమ్మ అడిగింది. సోమవారం సంది అడిగి కూసుంది."

"ఆమె ఆఫీసరా?"

"కాదు. కొట్టబోయిన గోలు ఆమెది."

ఆయన గిన్నె కింద పెట్టారు. అత్తమ్మ, ఆ పిల్ల ఔటు కానట్టేనా మరి అని నన్ను అడిగింది. కానట్టే అన్నాను. అయితే ఆమెకు ముందు చెప్పాలె గదా అని, మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టింది.

"మే నెలల పోటీలకు పంపరు," అన్నారు ఆయన. "తెలుసా నీకు?"

"తెలుసు. పంపకపోతె పంపకపోయిరి." కోమల చేతి వేళ్లు అన్నంలో కదులుతున్నాయి గానీ ముద్ద పైకి రావడం లేదు. "ఈ సంవత్సరం కాకపోతె వచ్చే సంవత్సరం పరీక్ష రాస్త. నాలుగింటికి ఈదమ్మకు ఫోన్ చేసి నువ్వు ఔట్ కాదని, తప్పు నాదని చెప్త. ఐదు గాకముందే రెండు పేరాలు కలిపి పంపుత, అమ్మ వీడియో గూడ పెట్టి. నువ్వు సంతకం జాగ మాత్రం జర కిందికి జరుపు నాయినా, నేను రాసింది పట్టాలె."